నలభై మీటర్ల గుంజుడు

దిగిన 38వ రోజు

ఇవాళ పరీక్షకు పద్నాలుగు మంది. సిలిండర్ నడకలో ఆడవాళ్లు ఆరుగురూ గట్టెక్కారు, మగవాళ్లలో ఇద్దరు తప్పారు. గుంజుడులో మగవాళ్లందరూ గట్టెక్కారు, ఆడవాళ్లలో ఒకరు తప్పారు. ఏటా ఇదే వరస. ఆడా మగా ఇద్దరినీ కలిపి ఒకే మనిషిగా కుట్టగలిగితే ప్రభుత్వానికి నాతో పనే ఉండదు.

పరీక్షల పుస్తకంలో గళ్లు చిన్నవి, అంకెలు తప్ప ఏమీ పట్టవు. మిగతాది వెనక పేజీల్లో రాస్తున్నాను. కమాండెంట్ సారు చదివితే చదవనీ. నేను సుబేదార్ జాడి సులోచన, ఎండాకాలం ఊరంతా దిగి బతికే ఈ సొరంగాలకు గాలి ఆడించే గాలి దళంలో ఇరవై నాలుగేళ్లుగా ఉన్నదాన్ని. ఈమాత్రం స్వేచ్ఛ నాకుంది.

తప్పింది సిపాయి గోమాస విమల. నలభై ఎనిమిది కిలోల మనిషి. నడకలో ఆమెను మించినవాళ్లు బెటాలియన్‌లో లేరు. నిండు సిలిండర్ తగిలించుకుని సొరంగంలో మూడు కిలోమీటర్లు నడిచి, నూరు గీతల గాలిలో యాభై ఎనిమిది గీతలు మిగుల్చుకుని వచ్చింది. పది మిగిలితే చాలు మాకు. ఆమె జత గట్టయ్య తొంభై ఆరు కిలోలు. అతనికి పదకొండు మిగిలాయి. ముక్కుతూ మూలుగుతూ వచ్చి గోడకు చేరగిలబడి, "ఒక గీత ఎక్కువే ఉన్నది మేడం, మంచిగ చూడుండ్రి" అన్నాడు. చూశాను. ఉంది.

గుంజుడులో కథ తిరగబడుతుంది. యూనిఫాం తొడిగిన ఇసుక బొమ్మ, ఎనభై కిలోలు. మావాళ్లు దాన్ని అల్లుడు అంటారు, పడుకున్నచోటు నుంచి తనంతట తాను లేవడు కాబట్టి. ఒక గాలి తలుపు నుంచి ఇంకో గాలి తలుపు దాకా, నలభై మీటర్లు, మూడు నిమిషాల్లో గుంజుకురావాలి. గట్టయ్య ఒంటిచేత్తో తెచ్చాడు. విమల ఇరవై ఆరు మీటర్ల దగ్గర అల్లుడి పక్కనే కూలబడింది.

ఇది రెండోసారి. మూడోదీ ఆఖరిదీ 52వ రోజున. అది కూడా తప్పితే కొలువు పోతుంది, కొలువుతోపాటు లోపలి గదీ పోతుంది. నాలుగేళ్ల కూతుర్ని చంకనేసుకుని పైకెక్కి, ఎండాకాలమంతా రేకుల షెడ్లలో గడపాలి. పైన ఇవాళ యాభై మూడు డిగ్రీలని మెట్ల దగ్గరి బోర్డు చెబుతోంది.

"తిండి పెంచు" అన్నాను.

"తింటనే ఉన్న మేడం. తిన్నదంత ఎటు పోతుందో తెల్వది" అంది, చేతులకున్న ఇసుక దులుపుకుంటూ.

దిగిన 41వ రోజు

పొద్దున్నే సిలిండర్లు కడిగించాను. రెండొందల పన్నెండు. ఒక్కో గొట్టం చివర నోట్లో పెట్టుకునే రబ్బరు పీక ఉంటుంది, దానికి ఎవరి రంగు దారం వాళ్లు కట్టుకుంటారు. కొత్తగా చేరినవాళ్లకు తుపాకీ కంటే ముందు నేర్పేది ఆ దారం ముడి. ఒకరి పీక ఇంకొకరి నోట్లోకి పోతే ఎంగిలి. ఎంగిలి అంటే జబ్బులు, జబ్బులు అంటే ఇంత ఇరుకులో ఊరు మొత్తానికి ముప్పు. అది ఆరోగ్యశాఖ మాట. మావాళ్లకు అంత దూరం కూడా అక్కర్లేదు. ఆడవాళ్ల పీకల పెట్టె వేరు, మగవాళ్లది వేరు. పోయినేడు ఒకడు పొరపాటున పక్కవాడి పీక పెట్టుకుని, తెలిసినాక నోరు ఏడుసార్లు కడుక్కున్నాడు. నేను నవ్వాను గానీ, నాకు జరిగినా అదే చేసేదాన్ని.

డ్యూటీకి ముందు విమల చేత గుంజుడు సాధన చేయిస్తున్నాను. నడుము వంచకు, కాళ్లతో తొయ్యి, పట్టీ భుజానికి కాదు తుంటికి వెయ్యి. ఇవాళ ఇరవై తొమ్మిది మీటర్లు. ఒక మూలన కూర్చుని ఆమె కూతురు "అల్లుడూ, లెవ్వు!" అని అరుస్తోంది. అల్లుడు లేవలేదు.

దిగిన 44వ రోజు

కమాండెంట్ వేణుమాధవ్ సారు పిలిపించారు. కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడతారు. మెత్తగా మాట్లాడేవాళ్లతో నాకెప్పుడూ కష్టమే, గొంతు పెంచడానికి సందు దొరకదు.

"పూర్వం ఆడవాళ్లకి యాభై కిలోల బొమ్మే ఉండేదటగా సుబేదార్ గారూ. మళ్లీ అదే పెట్టేద్దామండీ. మంచి పిల్ల, పైకి పంపేయడం నాకూ ఇష్టం లేదు" అన్నారు.

"చెడ్డగాలిలో కాలు విరిగి పడున్న మనిషి, వచ్చింది ఆడదని తెలిసి ముప్పై కిలోలు తగ్గుతాడా సార్?" అన్నాను.

ఆయన కాగితాలు సర్దుకున్నారు. నన్ను కాదనలేరు. ఎనభై కిలోల నిబంధన పుట్టిందే నా వల్ల. నిబంధనల పుస్తకం మొదట్లో అతికించి ఉన్న నివేదిక నేను రాసిందే. దళంలో చేరిన ప్రతివాళ్లూ దాన్ని చదివి సంతకం పెడతారు.

పంతొమ్మిదేళ్ల కింద నా జత రాజేశం. పక్క జిల్లా వాళ్లు మన ఫ్యాన్ల మీద పడ్డ ఏడాది అది. వాళ్లు పగలగొట్టిన ఫ్యాను బాగుచేయడానికి వెళ్తే పైకప్పు కూలి రాజేశం తొడ విరిగింది, అతని సిలిండర్ గొట్టం తెగింది. తెలివిలోనే ఉన్నాడు. నేను గంట తీగ లాగి, నా గాలి చూసుకున్నాను. యాభై గీతలు. గాలి తలుపు నూట ఇరవై మీటర్ల దూరంలో ఉంది. అతను ఎనభై నాలుగు కిలోలు. నేను యాభై కిలోల పరీక్షలో గట్టెక్కినదాన్ని. పది నిమిషాలు గుంజి, పదిహేడు మీటర్లు జరిపాను. ముల్లు ఇరవైకి పడిపోయింది. "నువ్వు పో సులోచనా, నేను పడుకుంట" అన్నాడు. పోయాను. రక్షక బృందం చేరేసరికి నిద్రలోనే ప్రాణం పోయి ఉంది.

నివేదికలో రాశాను: మృతికి కారణం, జత మనిషికి బరువు లాగే శక్తి లేకపోవడం. ఆడవాళ్లకు తక్కువ బరువు పెట్టడం వాళ్ల మీద దయ కాదు, పడిపోయినవాడి మీద క్రూరత్వం. ఇరవై ఏడేళ్ల వయసులో రాసిన వాక్యమది. అప్పటి నుంచి ఎంతమంది ఆడపిల్లలను తప్పించానో లెక్కుంది. ముప్పై ఒకటి. ఒక్కసారీ సంతోషంగా తప్పించలేదు. ఒక్కసారీ అనుమానపడనూ లేదు.

దిగిన 47వ రోజు

 ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పదకొండు గంటల పది నిమిషాలకు ఏడో సొరంగం గంట మోగింది. ఫ్యాను బెల్టు మార్చడానికి వెళ్లినవాళ్లు విమల, గట్టయ్య. రాళ్లు రాలి దారి మూసుకుపోయింది. ఫ్యాను ఆగింది. ఒక పక్కన సన్నటి మనిషి సిలిండర్ విప్పేసి పాకేంత సందు మిగిలింది, సిలిండర్ పట్టదు. బయటికి రావాలంటే విమల ఒక్కతే రాగలదు, గట్టయ్య రాలేడు. గంట మూడుసార్లు మోగింది. మూడు అంటే ఒకరు పడిపోయారని.

పడిపోయింది విమలే అయితే ఈపాటికి గట్టయ్య ఆమెను భుజాన వేసుకుని సందు దాకా తెచ్చేవాడు. తేలేదు కాబట్టి పడింది గట్టయ్యే. బృందాన్ని రాళ్ల మీదికి తోలి, నేను సందు దగ్గర గడియారం పట్టుకుని నిలబడ్డాను. తొంభై ఆరు కిలోలను ఆమె కదపలేదు. పది, పదిహేను నిమిషాలు గుంజుతుంది. గాలి అయిపోవస్తే వదిలేసి వస్తుంది. ఆమె బయటికి రాగానే ఏమనాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. నాకు ఎవరూ అనని మాటలవి.

ఇరవై నిమిషాలైంది. రాలేదు. ముప్పై అయింది. గుంజీ గుంజీ ఇద్దరూ పోయారనుకున్నాను. రాళ్లు తీస్తున్నవాళ్లను బూతులు తిట్టాను, తరవాత వాళ్లతోపాటు నేనూ తీశాను.

యాభై నాలుగో నిమిషంలో దారి తెరుచుకుంది. పడినచోటనే ఉన్నారు. ఒక్క మీటరు కూడా జరగలేదు. విమల గోడకు ఆనుకుని కూర్చుంది. గట్టయ్య ఆమె ఒళ్లో తల పెట్టి పడుకుని ఉన్నాడు, అతని సిలిండర్ రాళ్ల కింద నలిగిపోయి ఉంది. పచ్చదారం కట్టిన విమల పీక గట్టయ్య నోట్లో ఉంది. ఆమె రెండు వేళ్లు ఎత్తి చూపి, పీక తీసి తన నోట్లో పెట్టుకుంది. ఒక ఊపిరి. మళ్లీ అతని నోట్లో పెట్టింది. రెండు ఊపిరులు. లాంతరు వెలుగులో మమ్మల్ని చూసి కూడా లెక్క తప్పలేదు.

సిలిండర్‌లో ఏడు గీతలు మిగిలి ఉన్నాయి.

దిగిన 48వ రోజు

ఆస్పత్రి గదికి వెళ్లాను. గట్టయ్య కాలికి కట్టు వేశారు. అతని భార్య భాగ్యమ్మ జొన్నరొట్టెలు తెచ్చి విమలకు తినిపిస్తోంది.

"ఆయన తాగిన గిలాసు నేనే కడగంది ముట్టను. ఈ పిల్ల యాభై నిమిషాలు ఆయన ఎంగిలి పీల్చింది మేడం" అంటూ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"ఆమె ఎంగిలి నేను పీల్చలేదా? నా కష్టం ఎవ్వరికి కనవడది" అన్నాడు గట్టయ్య.

విమలను వసారాలోకి తీసుకువెళ్లి అడిగాను. అలా పంచుకోమని ఎవరు నేర్పారని.

"ఎవ్వరు నేర్పలే మేడం. నేను గుంజలేనని నాకు ఎరుకే గద, రెండుసార్లు ఫెయిలైన. ఇంక గుంజుడెందుకు? కూసున్న. కూసుంటే గాలి తక్కువ కర్సయితదని నడకల మీరే చెప్తరు."

"పీక పెట్టేటప్పుడు ఏమీ అనిపించలేదా?"

"అనిపించింది. మొదటి ఊపిరికి వాంతికొచ్చినట్టయింది. తర్వాత లెక్కవెట్టుడే సరిపోయింది."

ఆమెను మళ్లీ భాగ్యమ్మ రొట్టెల దగ్గరికి పంపి వచ్చేశాను.

దిగిన 49వ రోజు

పాత నివేదిక తీసి ముందు పెట్టుకున్నాను. పక్కన తెల్లకాగితం.

గుంజేటప్పుడు నిమిషానికి మూడు గీతల గాలి ఖర్చవుతుంది. కదలకుండా కూర్చుంటే ఇద్దరికీ కలిపి ఒకటి. ఆ రోజు నా దగ్గర యాభై ఉన్నాయి. రక్షక బృందం గంట మోగిన ముప్పై ఐదో నిమిషానికి చేరిందని నేనే రాశాను, నా చేతిరాతే. యాభైలోంచి ముప్పై ఐదు తీసేస్తే పదిహేను మిగులుతుంది.

మూడుసార్లు వేశాను లెక్క. మూడుసార్లూ పదిహేనే.

రాజేశం చచ్చిపోయింది నాకు బలం లేక కాదు. ఉన్న బలమంతా వాడాను కాబట్టి. నాకు యాభై కిలోల పరీక్షలో గట్టెక్కిన కాగితం ఉంది, గుంజగలనని దాని మీద రాసి ఉంది, అందుకే గుంజాను. విమల దగ్గర ఆ కాగితం లేదు. ఆమెకు తన సంగతి తనకు తెలుసు. నా ఎర్రదారం పీక రాజేశం నోట్లో పెట్టాలన్న ఆలోచన పంతొమ్మిదేళ్లలో ఒక్కసారి, కలలో కూడా రాలేదు నాకు. అతను అడగనూ లేదు. తలుపు దాకా పాకుతూ ఆ ఇరవై గీతలూ నేనొక్కదాన్నే పీల్చాను.

చాలాసేపు ఏడ్చాను. ఇలా రాస్తే ఎవరైనా చదువుతారని తెలుసు. చదవనీ.

దిగిన 50వ రోజు

కమాండెంట్ సారు మళ్లీ పిలిచారు. ఈసారి టీ కూడా ఇచ్చారు.

"ఆ పిల్ల ఇప్పుడు ఊరందరికీ దేవతండీ. ఎల్లుండి పరీక్షలో ఒకవేళ ఇటూ అటూ అయినా, పుస్తకంలో నలభై అని రాసేయండి. పైవాళ్లెవరూ వచ్చి టేపు పెట్టి కొలవరు కదా."

ఒప్పుకుందామనే అనిపించింది. అబద్ధమాడను. ముప్పై ఒక్కమంది మీద చూపించని దయ ఒక్కరి మీదైనా చూపిద్దామనిపించింది. విమలతో చెప్పాను.

తను బూట్లకు నూనె రాస్తోంది, ఆపకుండానే అంది: "గుంజనిది గుంజినట్టు రాయకుండ్రి మేడం. రేపు ఎవరో నన్ను నమ్ముకొని లోపలికి వస్తరు. ఈమె గుంజుతదని అనుకుంటరు. వాళ్లకు నేనేం చెప్పాలె?"

"మరి పాప?"

బూటు కింద పెట్టింది. "పాపను షెడ్లకు తోలుకపోత. వేరే ఎవ్వరు లేరా అక్కడ?"  నూనె డబ్బా మూత పెట్టడానికి మూడుసార్లు పట్టింది.

దిగిన 52వ రోజు

సిపాయి గోమాస విమల, మూడో ప్రయత్నం. ముప్పై మూడు మీటర్లు. సమయం మూడు నిమిషాలు. తప్పింది.

బెటాలియన్ మొత్తం సొరంగంలో బారులు తీరి నిలబడి చూసింది. గట్టయ్యను మంచంతో సహా మోసుకొచ్చారు. ముప్పై మీటర్లు దాటాక ఆమె నోట్లోంచి వచ్చిన శబ్దం అరుపు కాదు, ఇంకేదో. ఎవరూ ఉత్సాహపరచలేదు. ఉత్సాహపరిస్తే గాలి ఎక్కువ పీలుస్తుందని అందరికీ తెలుసు. గడియారం ఆపింది నేనే. గడిలో రాసిందీ నేనే.

దిగిన 53వ రోజు

కేంద్ర కార్యాలయానికి పంపిన ఉత్తరం నకలు:

"నిబంధనల పుస్తకంలో అతికించిన నివేదికలో నేను రాసిన కారణం తప్పు. సిపాయి రాజేశం చనిపోయింది జత మనిషి లాగలేకపోయినందుకు కాదు. ఆమె లాగడానికి ప్రయత్నించి ఇద్దరి గాలీ ఖర్చు చేసినందుకు, మిగిలింది పంచనందుకు. ఆ జత మనిషిని నేనే. లెక్క జతచేశాను. గుంజుడు పరీక్ష ఎనభై కిలోలకే ఉండనివ్వండి. బరువు అబద్ధం చెప్పదు. ఆడవాళ్లకు తగ్గించొద్దు. కానీ దళంలో ఉండే అర్హతకు అదొక్కటే గుమ్మం కాకూడదు. పంతొమ్మిదేళ్లుగా మనిషిని ఒంటరిగా పరీక్షిస్తున్నాం. లోపలికి ఒంటరిగా ఎవరినీ ఎప్పుడూ పంపలేదు. సిపాయి గోమాస విమల తొలగింపు కాగితం మీద నేను సంతకం చేయడం లేదు. నా మీద ఏ చర్య తీసుకున్నా ఒప్పుకుంటాను."

కమాండెంట్ సారు చదివి, అద్దాలు తీసి, "ఇది పంపితే మీరు ఉండరండీ" అన్నారు. పంపమన్నాను.

దిగిన 66వ రోజు

జవాబు వచ్చింది. మూడు పేజీల్లో రెండున్నర పేజీలు నా గురించే. తప్పుడు నివేదిక ఇచ్చినందుకు పరీక్షల బాధ్యత నుంచి నన్ను తప్పించారు. దళంలోంచి తీసేయలేదు, కొత్తగా వచ్చే ఏ పరీక్షకైనా మామూలు సిపాయిలతోపాటు నేనూ కూర్చోవాలి. గుంజుడు నిబంధన గురించి కమిటీ వేస్తారట. మిగిలిన అరపేజీలో విమల ఉంది: ఈ ఎండాకాలం ముగిసేదాకా కొలువులో ఉండవచ్చు, గాలి పంచుకునే పద్ధతిని అందరికీ నేర్పాలి, దానికో పరీక్ష తయారు చేయాలి.

ఒక్క ఎండాకాలమే. అయినా పాప లోపలే ఉంటుంది. పుస్తకం తీసుకెళ్లి విమల చేతికిచ్చాను. వెనక పేజీల్లో రాసుకోవడానికి మాత్రం అనుమతి అడిగాను.

"రాసుకోండ్రి, ముందు గళ్లల్ల మాత్రం చెయ్యి పెట్టకుండ్రి" అంది.

దిగిన 73వ రోజు

కొత్త పరీక్ష మొదటి రోజు. మూసిన గది, దీపం లేదు. ఇద్దరికి ఒకే సిలిండర్, యాభై గీతలు, యాభై నిమిషాలు. మాట్లాడకూడదు, లేవకూడదు. గంట మోగేదాకా గాలి మిగలాలి.

పొద్దున కూర్చున్న ఆరు జతల్లో నాలుగు తప్పాయి. బలమైన మగవాళ్లు ఇద్దరు కలిసి కూర్చుంటే ముప్పై నిమిషాలకే ముల్లు సున్నాకు పడుతోంది.

"మొగోళ్లకు నిమిషాలు తక్కువ పెట్టరాదు విమలా?" అన్నాడు గట్టయ్య, చేతికర్ర మీద ఊగుతూ.

"పెట్టను. చిన్న మనిషిని జత జేసుకొని రా" అంది.

నా జతగా గట్టయ్యనే ఇచ్చింది. కూర్చునే పరీక్షకు కాలితో ఏం పని అన్నాడు. తలుపు మూశారు. అతను రెండు ఊపిరులు తీసుకుని పీక నా చేతికిచ్చాడు. తడిగా ఉంది. నోటి దాకా తెచ్చి ఆగిపోయాను. నలభై ఆరేళ్ల దాన్ని, నిబంధనలు రాసినదాన్ని, రబ్బరు ముక్క ముందు ఆగిపోయాను. కళ్లు మూసుకుని పెట్టుకున్నాను. అక్కడి నుంచి ఊపిరి నా మాట వినలేదు. చీకట్లో నా పక్కన ఉన్నది గట్టయ్య అని తెలుసు, అయినా ప్రతి రెండో ఊపిరికీ రాజేశానికి ఇస్తున్నట్టే ఉంది.  నేను పీల్చకూడనంత పీల్చాను. గట్టయ్య చీకట్లో నా మణికట్టు పట్టుకుని నెమ్మది నెమ్మది అన్నట్టు తట్టాడు. ఆగలేదు.

ముల్లు సున్నాకు వచ్చింది. విమల తలుపు తెరిచింది. ముప్పై ఒక్క నిమిషాలు.

అంటే ఆ రోజు నేను కూర్చుని ఉన్నా, పీక ఇచ్చి ఉన్నా, బృందం చేరిన ముప్పై ఐదో నిమిషానికి రాజేశానికి ఇంకో నాలుగు నిమిషాల గాలి తక్కువయ్యేది. కాగితం మీద లెక్క వేయడం వేరు. కూర్చోవడం కూడా నేర్చుకోవాల్సిన పనే. మాకెవరూ నేర్పలేదు, నేనూ ఎవరికీ నేర్పలేదు.

విమల పుస్తకం తెరిచి నా పేరు ముందున్న గడిలో "తప్పింది" అని రాసింది. చేతిరాత గుండ్రంగా, ముచ్చటగా ఉంది. నా మొహం చూసింది. మంచినీళ్ల చెంబు ఇచ్చింది.

"సోమవారం మళ్ల రాండ్రి మేడం" అంది.

వస్తాను. యాభై సంగతి తరవాత చూసుకుందాం. ముందు ముప్పై ఐదు.